సగంలో ఉన్న బొమ్మ

(దామెర్ల రామారావు స్మృతిలో యువ చిత్రకారుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



దామెర్ల రామారావు గారు 1897 మార్చి 8న పుట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదో ఏడు నిండటానికి ఇంకా నెల రోజులుంది. బొంబాయి జె.జె. కళాశాలలో చదువు ముగించుకుని 1920లో సొంత ఊరు రాజమండ్రి చేరాక ఆయనకు దక్కింది ఇంచుమించు అయిదేళ్లు. ఆ కొద్దికాలంలో వేసిన తైలవర్ణాలు, నీటిరంగుల చిత్రాలు, పెన్సిలు గీతలు నూరేళ్లు దాటాక కూడా రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న చిత్రశాలలో చూడవచ్చు. ఆయన బొమ్మల గొప్పతనం గురించి ఇదివరకే చాలామంది రాశారు. అంత చిన్న జీవితంలో అంత పని ఎలా కుదిరింది, కుదిరిన పని ఎలా నిలిచింది అన్న ప్రశ్న వెంట వెళ్తే మీకు ఎక్కువ పనికొస్తుందని నాకనిపించింది. ఆయన బొంబాయి నుంచి తిరిగొచ్చిన వయసులోనే మీలో చాలామంది ఇప్పుడు ఉన్నారు.

బొమ్మలనే నమ్ముకుని బతకాలనుకునే కుర్రవాళ్లు పెద్దల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. ఏ కళాశాలలో చేరాలి, ఏ రంగుల మీద పట్టు సాధించాలి, హైదరాబాదులో ఉండాలా బరోడా వెళ్లాలా, ప్రదర్శన ఎప్పుడు పెట్టాలి, నా శైలి నాకెప్పుడు దొరుకుతుంది. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. కానీ వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుందని నా వాదన. నీ బొమ్మ సగంలో ఉండగా దాన్ని చూసేవాళ్లు నీకెవరున్నారు? పూర్తయిన బొమ్మను చూసేవాళ్లు లోకం నిండా ఉన్నారు. గేలరీ నడిపేవాళ్లు, పోటీల న్యాయనిర్ణేతలు, కొనేవాళ్లు, సమీక్ష రాసేవాళ్లు, ఫోనులో చూసి వేలితో పైకి తోసేవాళ్లు, అందరూ పని పూర్తయ్యాకే వస్తారు. అప్పటికి ఆ బొమ్మకు చేయగలిగింది ఏమీ మిగలదు. ఇంకా మార్చే వీలున్న పూట పక్కన నిలబడి, ఈ చెయ్యి ఇటెందుకు తిరిగింది, ఈ పసుపు ఇక్కడ ఎందుకు అరుస్తోంది అని అడిగే మనుషులు ఇద్దరో ముగ్గురో ఉంటే కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాడు నిలదొక్కుకుంటాడు. అలాంటివాళ్లు లేకపోతే ఎంత చేతివాటం ఉన్నా ఒకే తప్పును ఏళ్ల తరబడి చేస్తూపోతాడు. కొన్నాళ్లకు దానికే శైలి అని పేరు పెట్టుకుంటాడు.

రాజమండ్రి సంగతే తీసుకుందాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఉండేవారు. కవిత్వం రాసేవారు, తాను కూడా బొమ్మలు వేసేవారు. మన కుర్రవాళ్లు ఐరోపా బొమ్మలకు నకళ్లు తీయడం కాక తమ దేశపు చిత్రకళను చూసి నేర్చుకోవాలని ఆయన కోరుకున్నారు. పాలించే జాతికి చెందినవాడు, ఉద్యోగరీత్యా వచ్చినవాడు. అయినా శిష్యుల పట్ల ఆయన పెట్టుకున్న శ్రద్ధను శంకించే పని లేదు. ఆయన చుట్టూ చేరినవాళ్లలో అడివి బాపిరాజు ఉన్నారు, వరదా వెంకటరత్నం ఉన్నారు, బడి చదువు మీద పెద్దగా మనసు లేని దామెర్ల ఉన్నారు. దామెర్లను బొంబాయి దారి పట్టించింది కూల్డ్రేనే. నాలుగేళ్ల తర్వాత చేతిలో పట్టా ఉంది, బొంబాయిలో అవకాశాలకు కొదవ లేదు. అయినా దామెర్ల రాజమండ్రి తిరిగొచ్చి, స్నేహితుల్ని కలుపుకుని చిత్రకళాశాల పెట్టారు. దీన్ని ఊరి మీద ప్రేమ అని సరిపెట్టుకుంటే ఆయన తెలివిని తక్కువ చేసినట్టే. బొంబాయిలో ఆయన నలుగురిలో ఒకడు. రాజమండ్రిలో తన పనిని రోజూ చూసేవాళ్లు, తాను రోజూ చూడవలసిన పని చేసేవాళ్లు ఉన్నారు. ఇంట్లో సోదరి బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడా కుంచె పట్టినవాళ్లే. బడి పెట్టడమంటే ఏమిటి? పొద్దున్నే పదిమంది సగం బొమ్మల ముందు నిలబడి, ఇక్కడ ఏం తప్పిందో మాటల్లో చెప్పాల్సి రావడం. ఇంకొకరి బొమ్మలో దొరికిన తప్పు సాయంత్రం ఇంటికెళ్లి చూసుకుంటే మన బొమ్మలోనే కనిపిస్తుంది. అయిదేళ్లలో ఒక మనిషి అంత దూరం నడవగలగడానికి నాకు తోచిన కారణాల్లో ఇది మొదటిది.

ఇది చిత్రకళాశాలల్లో చదివినవాళ్ల వ్యవహారం అనుకుంటారేమోనని శ్రీకాళహస్తి దాకా వెళ్తాను. కలంకారీ పనిలో సగం బొమ్మను చూడటం అన్నది పనిలోనే కలిసి ఉంది. గాడా గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండేస్తారు. పాలలోని కొవ్వు ఉంటేనే గీసిన గీత పక్కకు పాకకుండా నిలుస్తుంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో మొదట చిత్తుగీత. వెదురుపుల్లకు ఉన్నిగుడ్డ చుట్టి దారంతో కట్టిన కలాన్ని కసిమిలో ముంచి ఆ చిత్తు మీద అసలు గీత. కసిమి అంటే తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరబెట్టిన నీరు. గుడ్డ మీద పెట్టినప్పుడు అది పలచగా కనిపిస్తుంది, గుడ్డలోని కరక్కాయతో కలిసి కాసేపటికి కాటుకలా నల్లబడుతుంది. అంటే కలం నడుస్తున్నప్పుడు గీసేవాడికి తన గీత పూర్తిగా కనపడదు. ఆ తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పెట్టాలి, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. పటిక నీళ్లకు పెద్దగా రంగుండదు. ఏ చోట పెట్టామో, ఏ చోట మరిచామో గుడ్డను రంగులో ఉడికించి తీస్తే గానీ తేలదు. ఆపైన పారే నీళ్లలో జాడించడం, మళ్లీ పాలు, పసుపు, నీలం. అసలు గీత పడ్డాక ఏ దశలోనూ చెరపడానికి వీల్లేదు. అందుకే ఒక దశ దాటి ఇంకో దశకు పోయేముందు అనుభవమున్నవాళ్ల చూపు ఒకసారి గుడ్డ మీదుగా నడవాలి. 1950ల్లో ఈ పని దాదాపు ఆరిపోయే దశలో ఉండగా కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడ నేర్పిన జొన్నలగడ్డ లక్ష్మయ్య కుటుంబం నుంచే తర్వాత పద్మశ్రీ అందుకున్న గురప్పచెట్టి వచ్చారు. ఆ కేంద్రంలో పంచిపెట్టింది రంగుల జాబితా ఒక్కటే అయితే అది పుస్తకంలో దొరికేది. పక్కవాడి గుడ్డ సగంలో ఎలా ఉందో చూడగలిగిన గది ఒకటి మళ్లీ ఏర్పడటమే అసలు సంగతి.

ఇంకో దూరపు ఉదాహరణ చెప్పి అభ్యంతరాల దగ్గరికి వస్తాను. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో, అంటే దామెర్ల పోయిన ఏడే, కృష్ణారెడ్డి పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, లండన్ మీదుగా పారిస్ వెళ్లి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలలో చేరారు. లోహపు ఫలకాన్ని వేర్వేరు లోతుల్లో చెక్కి, ఒకే ఫలకం నుంచి ఒకే అచ్చులో ఎన్నో రంగులు తీసే పద్ధతి అక్కడ రూపుకట్టింది. నూనె ఎక్కువ కలిపిన పలచని సిరాను గట్టి రోలరుతో నడిపితే అది ఫలకం పైభాగాలకే అంటుతుంది. చిక్కని సిరాను మెత్తటి రోలరుతో అదిమి నడిపితే లోతుల్లోకి దిగుతుంది, పైన ఉన్న పలచని సిరా దాన్ని తన మీదికి రానివ్వదు. సిరా చిక్కదనం మీద ఆధారపడ్డ ఈ పద్ధతి పేరు చెప్పగానే ప్రపంచంలో ముద్రణకళ తెలిసినవాళ్లందరికీ కృష్ణారెడ్డి గుర్తొస్తారు. అయితే ఆయనతో పాటు ఆ శాలలో పనిచేసిన కైకో మోతీ పేరు, హేటర్ పేరు కూడా దానికి అతుక్కునే ఉంటాయి. ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం, విడదీయాల్సిన పని కూడా నాకు కనపడదు. ముద్రణశాలలో ఫలకాన్ని కొంత చెక్కగానే ఒక అచ్చు తీసి చూసుకుంటారు, మళ్లీ చెక్కి మళ్లీ తీస్తారు. ఆ మధ్యదశ అచ్చులకు ఆ కళలో ప్రత్యేకంగా పేరే ఉంది, స్టేట్ ప్రూఫ్ అని. పదిమంది పనిచేసే శాలలో అవి పదిమంది కళ్లెదుటే ప్రెస్సు నుంచి లేస్తాయి. ఒకడి పొరపాటు రెండోవాడికి దారి అవుతుంది. చిత్తూరు పల్లె నుంచి వెళ్లిన తెలుగువాడు పారిస్‌లో పొందింది పేరుప్రతిష్ఠలున్న వాతావరణం అని మనం అనుకుంటాం. నేనైతే ఆ ప్రెస్సు చుట్టూ నిలబడ్డ మనుషులనే అంటాను.

ఈ చూసేవాళ్లు మన కళలోనే ఉండనక్కర్లేదు. కూల్డ్రే వృత్తిరీత్యా చిత్రకారుడు కాదు. బాపు గారికి ముళ్లపూడి వెంకటరమణ గారున్నారు, ఆయన రచయిత. మద్రాసులో బడిరోజుల్లో కలిసిన స్నేహం రమణ గారు 2011లో పోయేదాకా నడిచింది. లా చదివిన బాపు పత్రికల్లో బొమ్మలు వేసి, వ్యాపార ప్రకటనల సంస్థలో పనిచేసి, 1967లో సాక్షితో సినిమా దర్శకుడయ్యారు. తీయబోయే దృశ్యాలను ముందే వరసగా బొమ్మలు గీసుకోవడం ఆయన పద్ధతి. సినిమా అంతా కాగితాల మీద సగం రూపంలో ఉండగానే రచయిత చూడగలడు, కెమెరా పట్టేవాడు చూడగలడు. రాసేవాడు గీతను చూసి మాట తగ్గిస్తాడు, గీసేవాడు మాటను చూసి గీత తగ్గిస్తాడు. ఇద్దరి పనిలోనూ ఉన్న పొదుపుకు మూలం అక్కడుందని నా నమ్మకం.

ఇప్పుడు అందరికన్నా బలమైన అభ్యంతరం. వడ్డాది పాపయ్య గారి సంగతేమిటని మీరు అడగాలి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, అనకాపల్లి పక్కన కశింకోటలో ఉంటూ, సభలకూ సన్మానాలకూ దూరంగా, తన గదిలో తానుగా పనిచేసి, చందమామ, యువ పత్రికల అట్టల మీద తెలుగు ఇళ్లన్నిటికీ చేరిన మనిషి. వపా అన్న సంతకం తెలియని తెలుగు ఇల్లు ఆ రోజుల్లో తక్కువ. ఆయన చుట్టూ బృందం లేదు, ముద్రణశాల లేదు. నా వాదనకు ఆయన అడ్డంగా నిలబడతారు, దాన్ని దాచిపెట్టను. రెండు సంగతులు మాత్రం చెబుతాను. ఆయన తండ్రి డ్రాయింగు మాస్టారు. అంటే చిన్నప్పుడు గీత తప్పినప్పుడు చూసిన కళ్లు ఇంట్లోనే ఉన్నాయి. రెండోది, రవివర్మ బొమ్మలను చూసి మళ్లీ మళ్లీ వేయడంతో ఆయన మొదలుపెట్టారు. చనిపోయిన చిత్రకారుడి బొమ్మను గీతకు గీత అనుసరించి వేసేటప్పుడు, మన గీత ఎక్కడ జారిందో ఆ బొమ్మే చూపిస్తుంది. అది కూడా ఒక తోడు, మాట్లాడని తోడు. పాపయ్య గారు ఆ రెండు జతల కళ్లను తన లోపలికి తీసుకుని, తర్వాత జీవితమంతా వాటితోనే పనిచేశారని నేననుకుంటాను. అలా లోపలికి తీసుకోగలిగినవాళ్లు ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరో కాదో ఇరవై రెండేళ్లకే తేల్చేసుకోవద్దు. ఏకాంతం పనికి కావాలి, అందులో సందేహం లేదు. గది తలుపు వేసుకోనివాడు బొమ్మ పూర్తిచేయలేడు. ఎప్పుడో ఒకప్పుడు ఆ తలుపు తీసి ఎవరిని లోపలికి పిలుస్తాడన్నదే నా ప్రశ్న.

నలుగురు కలిస్తే నలుగురూ ఒకేలా వేయడం మొదలుపెడతారన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజముంది. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ నేర్పిన బెంగాలు పద్ధతి మన చిత్రకారుల్లో ఒక తరాన్ని తీర్చింది. ఆ తరంలో కొందరి బొమ్మల్లో గురువు చేయి ఎక్కడ ఆగిందో శిష్యుడి చేయి ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమైన మాటా వాస్తవమే. కానీ అదే బడిలో నేర్చుకున్న అడివి బాపిరాజు తన దారి తాను వెతుక్కున్నారు, బొమ్మల నుంచి నవలలకూ పాటలకూ పోయారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మెదక్ నుంచి వెళ్లిన లక్ష్మాగౌడ్, కరీంనగర్ నుంచి వెళ్లిన తోట వైకుంఠం ఇద్దరూ నేర్చుకున్నారు. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లోని సన్నని ముళ్లలాంటి గీతనూ, వైకుంఠం బొమ్మల్లోని నిండు ఎరుపు చీరలనూ చామనచాయ ఒళ్లనూ పెద్ద బొట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒక గురువు శిష్యులని పోల్చుకోలేరు. పైగా ఇద్దరూ అంత దూరం వెళ్లి చివరికి తమ పల్లెనే చూశారు. ఎందుకు తేడా? సగం బొమ్మను చూసి నేనైతే ఇలా వేస్తాను అనే గురువు నకళ్లను తయారుచేస్తాడు. నువ్వు ఏం వేద్దామనుకున్నావు అని అడిగే గురువు మనుషుల్ని తయారుచేస్తాడు. బృందం వద్దనుకోవడం కాదు దీనికి మందు, ఈ తేడా పసిగట్టడం నేర్చుకోవడం. గుంపులో అసూయ ఉంటుంది, మాట పడాల్సి వస్తుంది. మాట పడటం ఇష్టం లేనివాడు మెచ్చుకునేవాళ్ల మధ్యకు పోతాడు, ఎక్కువమంది పాడయ్యేది అక్కడే.

ఇక అన్నం మాట. స్నేహితులు బొమ్మ చూస్తారు సరే, ఇంటి అద్దె ఎవరు కడతారని మీ అమ్మానాన్నలు అడుగుతారు. అడగాలి కూడా. బాపు ప్రకటనల సంస్థలో పనిచేశారు. పాపయ్య గారు నెలనెలా గడువు తప్పకుండా అట్టలు వేశారు. వైకుంఠం గారు సినిమాకు కళాదర్శకత్వం చేశారు, బి. నర్సింగరావు దాసి చిత్రానికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. తిండి కోసం చేసే పని కళకు మైల అన్న మాటను ఇంత చరిత్ర చూశాక కూడా నమ్మడం అన్యాయం. నేను చెప్పేది ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. జీతం సమానంగా ఉన్న రెండు పనుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, సగం పనిని ఎవరైనా చూసి మాట్లాడే చోటును ఎంచుకోండి. హైదరాబాదులో యానిమేషన్, గ్రాఫిక్స్ స్టూడియోల్లో పూర్తికాని షాట్లను తెర మీద వేసి సూపర్‌వైజరు ఎదుట అందరూ చూసే అలవాటుంది, డైలీస్ అంటారు. అక్కడ కొత్తవాడు రెండేళ్లు కూర్చుంటే, ఇంట్లో ఒంటరిగా ఫ్రీలాన్సు చేసుకుంటూ అయిదేళ్లలో నేర్చుకోలేనిది నేర్చుకుంటాడు. గడువులు ప్రాణం తోడేసే స్టూడియోలు కూడా ఉన్నాయి, రాత్రి తెల్లవార్లూ పనిచేయించుకుని ఎవరూ ఏమీ చెప్పని చోట్లు. జీతం ఇస్తున్నా సరే, నేర్పని చోట వయసు పోగొట్టుకోవద్దు.

సగం పని చూపిస్తే దొంగిలిస్తారన్న భయం గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ భయంతోనే చాలామంది తలుపు వేసుకుంటున్నారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం మీరు గీసిన గీత మీద హక్కు గీసిన క్షణానే పుడుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చట్టం కాపాడేది గీసిన రూపాన్నే, ఆలోచనను కాదు. అందుకే తలలోని ఊహను నోటితో చెప్పడం కన్నా చిత్తుబొమ్మ గీసి చూపించడమే ఎక్కువ భద్రం. అసలు ప్రమాదం స్నేహితుల దగ్గర లేదు, మీరు చదవకుండా సంతకం పెట్టే కాగితంలో ఉంది. డబ్బిచ్చి బొమ్మ వేయించుకున్నప్పుడు, వేరే ఒప్పందం రాసుకోకపోతే, ఆ బొమ్మ కాపీరైటుకు మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. ఉద్యోగంలో భాగంగా వేసింది కూడా అలాగే యజమానికి చెందుతుంది. హక్కు బదిలీ కాగితం మీద ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకు, ఎక్కడికో రాయకపోతే దేశం మట్టుకు అని చట్టం అర్థం చెప్పుకుంటుంది. హక్కులన్నీ అమ్మేసినా, ఇది నేను వేసిందని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద మీతోనే ఉంటుంది. ఈ నాలుగు మాటలు తెలియక ఎన్ని పుస్తకాల అట్టలు, ఎన్ని సినిమా పోస్టర్లు వేసినవాళ్ల పేరు లేకుండా పోయాయో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఫోనులో వేలమంది చూస్తున్నారు కదా, ఇంకా ఈ ముగ్గురు నలుగురు ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు చిన్నది. వేలమంది చూడటం మంచిదే, దానివల్ల పని దొరుకుతుంది, ఊరు దాటని చేయి ఊరు దాటుతుంది. చేర్యాల నకాషీ బొమ్మలకైనా నిమ్మలకుంట తోలుబొమ్మలకైనా దూరపు కొనుగోలుదారు అలాగే దొరకవచ్చు. కానీ అక్కడ పెట్టే తయారీ వీడియో కూడా పూర్తయిన వస్తువే. తప్పిన గీత అందులోంచి ముందే కత్తిరించబడి ఉంటుంది. గుండె గుర్తు నొక్కినవాడు ఎందుకు నొక్కాడో చెప్పడు. కృత్రిమ మేధతో బొమ్మలు పుట్టించే యంత్రాల సంగతి ఇంకా గట్టిగా ఆలోచించాలి. వాటి వల్ల మీ ఆదాయంలో కొంత పోతుంది, పోదని మీకు అబద్ధం చెప్పలేను. అయితే ఆ యంత్రం ఇచ్చే బొమ్మలో మీరు నిలబడి తేల్చుకోవలసిన సగం దశ ఉండదు. మాట ఇస్తే బొమ్మ వస్తుంది, నచ్చకపోతే ఇంకోటి వస్తుంది. ఈ చెయ్యి ఇటు తిరగాలా అటు తిరగాలా అన్న సందిగ్ధంలో గంట గడిపిన మనిషికి తెలిసేది, పది బొమ్మల్లోంచి ఒకటి ఏరుకున్న మనిషికి తెలియదు. నేర్చుకునే వయసులో ఆ గంటను ఎవరికీ అప్పగించవద్దని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. సగం బొమ్మ చూసే మాటలు మన దగ్గర చాలావరకు టీకొట్టు దగ్గరా, రాత్రి పొద్దుపోయాక ఎవరో స్నేహితుడి గదిలోనూ నడుస్తాయి. హాస్టలు గేటు మూసే వేళకు వెళ్లిపోవాల్సినవాళ్లకు ఆ మాటల్లో చోటు లేదు. కళాశాలలో తరగతిలో మొదటి వరసలో ఉన్న అమ్మాయిలు పదేళ్ల తర్వాత ప్రదర్శనల్లో ఎందుకు కనపడరో వెతికితే, పెళ్లీ పిల్లలూ అనే ముందు ఈ కారణం దగ్గర కాసేపు ఆగాలి. వాళ్ల పనిని సగంలో చూసినవాళ్లు లేరు. దామెర్ల ఇంట్లో నూరేళ్ల కింద సోదరీ భార్యా బొమ్మలు వేయగలిగారంటే కారణం చూసేవాళ్లు ఇంటి గడప లోపలే ఉండటం. కళాశాలలు నడిపేవాళ్లు ఇక్కడ ఉంటే నా విన్నపం ఒకటే: మధ్యాహ్నం పూట, పగటి వెలుతురులో, ఒక గది తెరిచి ఉంచండి. మార్కులు లేకుండా, పోటీ లేకుండా, ఎవరి సగం పని వాళ్లు తెచ్చి గోడకు ఆనించుకునే గది. దీనికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.

చూడటానికీ చూపించడానికీ ఒక పద్ధతి ఉంది. మరీ ముందే చూపిస్తే బొమ్మ చస్తుంది. మీకే ఇంకా తెలియని దాన్ని పక్కవాడి మాట ఎటో లాక్కుపోతుంది. మరీ చివర చూపిస్తే మార్చడానికి మీకు మనసు రాదు, వాదిస్తారు. ఈ గీత ఎందుకు పెట్టానో చెప్పగలను, అయినా తీసేయగలను అనిపించే దశలో చూపించండి. చూపించినప్పుడు ఎలా ఉంది అని అడగవద్దు. ఆ ప్రశ్నకు మన దేశంలో బాగుంది అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. నీ చూపు మొదట ఎక్కడ ఆగింది, తర్వాత ఎటు పోయింది, ఎక్కడి నుంచి బయటికి జారిపోయింది అని అడగండి. ఈ ప్రశ్నకు బొమ్మలు తెలియనివాడు కూడా నిజం చెప్పగలడు. చూసేవాడిగా మీ వంతు వచ్చినప్పుడు మీకు కనిపించింది చెప్పండి, మీరైతే ఏం చేస్తారో చెప్పవద్దు. ఒకరి బొమ్మ ముందు నిజంగా పది నిమిషాలు నిలబడటం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. అంత కష్టం మీ కోసం పడేవాడు దొరికితే, వాడి కోసం మీరు కూడా పడాలి.

ఆ బాకీ ఎంత పెద్దది కాగలదో వరదా వెంకటరత్నం గారి జీవితం చూపిస్తుంది. 1895లో పుట్టారు, దామెర్లకన్నా కాస్త పెద్ద. స్నేహితుడు పోయేనాటికి తాను కూడా చిత్రకారుడే, తన బొమ్మలు తాను వేసుకుంటున్నవాడే. ఆ తర్వాత ఏళ్ల తరబడి చిత్రకళాశాల నడిపారు, పిల్లలకు నేర్పారు, స్నేహితుడి బొమ్మలు చెదిరిపోకుండా ఒక చోట చేర్చి కాపాడారు. 1963లో ఆయన పోయేదాకా ఆ పని ఆయన మీదే ఉంది. గోదావరి ఒడ్డున తేమకు కాగితం ఎంత తొందరగా మచ్చపడుతుందో మీకు తెలుసు. నీటిరంగు బొమ్మను ఎండకు ఎండనివ్వకుండా, వానకు తడవనివ్వకుండా, పురుగు పట్టనివ్వకుండా దాదాపు నలభై ఏళ్లు చూసుకోవడమంటే ఎన్ని ఉదయాలో లెక్కవేయండి. ఆ ఉదయాల్లో కొన్ని ఆయన సొంత బొమ్మలకు దక్కాల్సినవి. ఈ స్నేహంలో ఎవరు ఎవరికి ఎక్కువ ఇచ్చారో నాకు లెక్క తేలలేదు. రాజమండ్రి చిత్రశాలకు వెళ్లినప్పుడు దామెర్ల పెద్ద బొమ్మల ముందు ఆగిపోకుండా పెన్సిలు గీతల దగ్గరికి కూడా వెళ్లండి, ఆయన సగం పని అక్కడుంది. వెళ్లేముందు వరదా వెంకటరత్నం గారు వేసిన బొమ్మలు ఎక్కడున్నాయో అక్కడివాళ్లను అడగండి.